పనసపండు మీద పన్నెండు వేల కిలోమీటర్లు

ఉద్దానంలో కొర్ల డిల్లేసు పెరటి పనసచెట్టు గురించి చెబితే కొత్తవాళ్లు నమ్మరు. నమ్మకపోతే నష్టం వాళ్లదే. ఓ ఏడు దాని కాయ ఒకటి రాలిపడితే ఆ అదురుకి పక్కింటి గోడ గడియారం ఆగిపోయిందట. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా పన్నెండున్నరే. ఎవరు గుమ్మం తొక్కినా భోజనం పెట్టక తప్పడం లేదట. గడియారం మాట ఎలా ఉన్నా, ఈ ఏడు కాసిన కాయ నలభై ఏడు కిలోలు తూగిందన్నది మాత్రం జీడిపిక్కల మిల్లు కాటా సాక్షిగా నిజం. తూచిన సాయంత్రమే కాటాని మరమ్మతుకి పంపారు. పైగా మిగతా పనసకాయల్లా పొడుగ్గా కాక, గుమ్మడికాయలా గుండ్రంగా, ముద్దొచ్చేలా ఉంది.

అంతటి చెట్టుకీ చావు రాసిపెట్టారు.

ఊరికి నాలుగు కిలోమీటర్లలో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచి ఏడాదైంది. "ప్రపంచం మీ గుమ్మంలోకి వచ్చేసింది" అని తాటిచెట్టంత బోర్డులు పెట్టారు. ప్రపంచం వచ్చింది గానీ రోడ్డు రాలేదు. విమానం దిగిన దొరలు పెట్టెలు నెత్తిన పెట్టుకుని జీడితోటల్లోంచి దారి అడుక్కుంటూ బయటపడేవారు. ఆఖరికి రోడ్డు వేద్దామని ఎవరో స్కేలు పెట్టి గీత గీశారు. ఆ గీత తిన్నగా వచ్చి డిల్లేసు చెట్టు నడుంలోంచి పోయింది. మాను మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు పెట్టి వెళ్లిపోయారు.

డిల్లేసు తాత నాటిన చెట్టు అది. డిల్లేసు పది ఆఫీసులు తిరిగాడు. పదకొండో ఆఫీసులో ఒక పెద్దాయన మెత్తబడ్డాడు.

"కెనడాలో ప్రపంచ పండ్ల ప్రదర్శన జరుగుతోంది. నీ పండు అక్కడ ఏదో ఒక బహుమతి కొట్టిందంటే నీ చెట్టుని ఘనమైన చెట్ల జాబితాలో ఎక్కించి రోడ్డుని పక్కకి తిప్పిస్తాను. లేదా, గొడ్డలే" అన్నాడు.

ప్రదర్శన వాళ్లు రమ్మన్నారు. విమానం వాళ్లు సరేనన్నారు. వారానికి ఒక విమానం ఇక్కణ్నుంచి తిన్నగా కెనడా పడమటి తీరానికి పోతుంది. అన్నీ కుదిరాయి, ఒక్క కాగితం తప్ప. దాని పేరు దూర-కాల ధ్రువపత్రం. త్వరగా పాడయ్యే వస్తువు దేన్నైనా ఒక విమానాశ్రయం నుంచి మరొక విమానాశ్రయానికి పంపదలచినచో, ఆ రెంటి నడుమ దూరమును, ప్రయాణ కాలమును స్థానిక కొలతల కార్యాలయము స్వయముగా కొలిచి, సదరు వస్తువు దారిలో చెడదని నిర్ధారించవలెను. అదీ రూలు. అంతవరకూ పొలం గట్లు కొలుచుకునే ఆ కార్యాలయానికి, ఎయిర్‌పోర్టు వచ్చిన సంబరంలో ఆకాశాన్ని కూడా అప్పగించారు.

పండు కోశాక పదిరోజులు ఆగుతుంది, మహా అయితే పన్నెండు. విమానం పదో రోజున. పండు లేనిదే కాగితం లేదు కనుక, లెక్క చూసుకుని డిల్లేసు పండు దించి, మిల్లు కాటాకెక్కించాడు.

"కాయితానికి ఒక్క పూట సాలదేటి? కొలతేగదా" అన్నాడు పెళ్లాం పైడమ్మతో.

"నువ్వు మన గట్టు కొలిపించడానికి ఎన్నేళ్లు తిరిగినావో మర్సిపోనావేటి? ఏడేళ్లు. అది గట్టు. ఇది కెనడా" అంది పైడమ్మ.

రూలు ప్రకారం వస్తువుని కూడా కార్యాలయంలో హాజరుపరచాలి. డిల్లేసు పండుని ఆటోలో తెచ్చి, బల్ల మీద గోనెపట్టా పరిచి కూర్చోబెట్టాడు. సీనియర్ అసిస్టెంటు కనకం మేడం దరఖాస్తు నింపింది. వస్తువు పేరు: పనస. తండ్రి పేరు అన్న గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ఒప్పుకోలేదు. కాసేపు ఆలోచించి, చెట్టు అని రాసింది. అప్పుడు ఒప్పుకుంది.

కొలతాధికారి పరిమి అనంతపద్మనాభం గారు సన్నటి మనిషి. నడిచినా తిన్నగా నడుస్తారు, మూల తిరగాల్సి వస్తే ఆగి, తొంభై డిగ్రీలు తిరిగి, మళ్లీ నడుస్తారు. ఆయన లేచి గోడకున్న ప్రపంచ పటం ముందు నిలబడ్డారు. పటం పాతది. ఉత్తరాన మంచుదేశాలన్నిటినీ చెదలు తినేశాయి.

"లచ్చన్నా, దారం" అన్నారు.

గొలుసు లాగే లచ్చన్న ముప్పై ఏళ్లుగా పొలాలు కొలిచినవాడు. దారం ఒక కొసని ఇక్కడ పట్టుకుని, రెండో కొసని అరేబియా మీంచి, ఆఫ్రికా మీంచి, సముద్రం మీంచి పటం ఎడమ అంచుదాకా లాగాడు. అలవాటు కొద్దీ, "ఎవురైనా అడ్డొత్తే తప్పుకోండర్రా" అని సముద్రం వైపు చూసి కేకేశాడు.

"ఇరవై మూడు వేల రెండు వందల ఎనభై కిలోమీటర్లు" అని అధికారి గారు ప్రకటించారు. తర్వాత విమానం వాళ్ల కాగితం చూశారు. కనుబొమలు పైకి లేచి, చాలాసేపు కిందికి రాలేదు.

"పన్నెండు వేలు అని రాశారే! అమ్మా, మిగిలిన పదకొండు వేల రెండు వందల ఎనభై కిలోమీటర్లు ఏమైనట్టు?"

"విమానం ఉత్తరం పక్కకి ఎక్కి, మంచుమీంచి తిరిగి వెళ్తుందటండీ. అది దగ్గరదారట" అంది కనకం.

"వంకరగా తిరిగి వెళ్లేది దగ్గరదారా? నా ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో వంకర గట్టు తిన్నటి గట్టు కంటే పొట్టిగా ఉండుట నేను ఎరుగను. ఇది ఖచ్చితంగా ఆక్రమణ. ఎవరో ఆకాశాన్ని పదకొండు వేల కిలోమీటర్ల మేర కలిపేసుకున్నారు. నోటీసులు సిద్ధం చేయండి."

పొలం కొలిచే ముందు ఇరుగుపొరుగు రైతులకి నోటీసులివ్వడం, ఊళ్లో టముకు వేయించడం ఆ ఆఫీసు ఆచారం. కనుక దారం కింద పడ్డ ఇరవై ఆరు దేశాలకీ, రెండు సముద్రాలకీ నోటీసులు వెళ్లాయి. మూడు రోజుల్లోగా తమ హద్దుల వద్ద హాజరు కాకున్న యెడల, కొలత ఏకపక్షముగా జరుపబడును. సముద్రాల చిరునామా తెలియక వాటి నోటీసులు దగ్గర్లోని సముద్రపొడ్డున రాయికి అంటించి వచ్చారు. లచ్చన్న అక్కడే టముకు కొట్టాడు. వలలు బాగుచేసుకుంటున్న ఓ పెద్దమనిషి విని, "సంద్రాన్ని కూడా పంచుకుంటన్నారేటర్రా?" అని అడిగాడట.

సముద్రాలు హాజరు కాలేదు.

మూడో రోజుకి దూరం ఖాయమైంది. ఇక కాలం. టిక్కెట్టు కాగితం మీద బయల్దేరే వేళ మధ్యాహ్నం ఒంటిగంట అని, చేరే వేళ అదే తారీకు మధ్యాహ్నం మూడున్నర అని ఉంది.

"రెండున్నర గంటలు" అన్నారు అనంతపద్మనాభం గారు.

"అది ఆళ్ల గడియారం బావూ. మనకి ఎండ కాసినప్పుడు ఆళ్లకి సీకటంట గదా" అన్నాడు డిల్లేసు వినయంగా.

"ప్రభుత్వ గడియారం ఒక్కటే ఉంటుందయ్యా. మూడున్నరలోంచి ఒకటి తీసేస్తే రెండున్నర. ఇందులో ఎండ ప్రసక్తి లేదు."

"రెండున్నర గంటలంటే ఇక్కణ్నుంచి శ్రీకాకుళం బస్సు కూడా అంతే కదండీ" అంది కనకం, కళ్లజోడు తుడుచుకుంటూ.

"శ్రీకాకుళానికి మధ్యలో ఆపుతారు. దీనికి ఆపరు" అని అధికారి గారు తేల్చేశారు.

డిల్లేసుకి లోపల చల్లబడింది. రెండున్నర గంటలైతే పండు చెడే ప్రశ్నే లేదు గదా. రాసేసి ఇస్తే తీసుకుపోదామని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కానీ అధికారి గారు కాలిక్యులేటరు తీశారు. దాన్ని తీసినప్పుడల్లా ఆ ఆఫీసులో ఎవరికో ఒకరికి మూడేది.

"ఇరవై మూడు వేల రెండు వందల ఎనభై కిలోమీటర్లు రెండున్నర గంటల్లో. అంటే గంటకి తొమ్మిది వేల మూడు వందల పన్నెండు. ఇంత వేగమా? పళ్ల వాహనానికి? రవాణా వారి అభిప్రాయం లేనిదే నేను సంతకం చేయరాదు."

రవాణా వారు ఆరో రోజున జవాబిచ్చారు. పళ్లు, కూరగాయలు మోసే వాహనములు గంటకు అరవై కిలోమీటర్లు మించరాదు. దరిమిలా అనంతపద్మనాభం గారు మళ్లీ నొక్కారు. గంటకి అరవై చొప్పున మూడు వందల ఎనభై ఎనిమిది గంటలు. పదహారు రోజుల నాలుగు గంటలు.

"పండు పదహారు రోజులు ఆగునా?" అని అడిగారు.

"ఆగదు బావూ" అన్నాడు డిల్లేసు. నిజం చెప్పడం తప్ప వేరే విద్య నేర్వని నోరు.

"ఐతే పాడగును. వస్తువు పాడగునని తేలినందున అనుమతి నిరాకరించడమైనది."

డిల్లేసు ఇంటికి వెళ్లలేదు. బల్ల మీద పండు పక్కన కూలబడ్డాడు. ఇంటి దగ్గర చెట్టు మీద ఎర్రటి ఇంటూ గుర్తు కళ్ల ముందు ఆడుతోంది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన పైడమ్మ సంగతి విని, అన్నం గిన్నె అధికారి గారి బల్ల మీదే పెట్టేసింది.

"బావూ, ఇమానం తోలేది నువ్వా, ఇమానం ఆడా? ఆడు వారం వారం పోతన్నాడు గదా. పోయి మళ్లీ ఒస్తన్నాడు గదా. తెలవకపోతే ఆణ్నే అడగొచ్చు గదా!"

"అతడు పోవుచున్నాడమ్మా, కాదనను. కాని అనుమతించిన దారిలో పోవుటలేదు" అన్నారు ఆయన, గిన్నెని చిటికెన వేలితో పక్కకి జరిపి.

కనకానికి జాలేసింది. "సార్, భూమి గుండ్రం కదండీ. పటం మీద బల్లపరుపుగా చూస్తే ఎలా? గ్లోబు మీద చూడాలి."

"పాఠ్యపుస్తకాల ప్రకారం గుండ్రమే. మన కార్యాలయ రికార్డుల ప్రకారం అది పటం. గ్లోబు కావాలని తొమ్మిదేళ్ల క్రితం రాశాం. ఏమొచ్చింది?"

"ఫుట్‌బాలు వచ్చిందండీ. గాలి పోయింది."

"మరి? కార్యాలయంలో గుండ్రముగా ఉన్న వస్తువు లేనప్పుడు నేనేం చేయగలను?"

అందరూ ఒక్కసారే పండున్న బల్ల వైపు చూశారు.

డిల్లేసు లేచాడు. పండు తొడిమని పైకి పెట్టి నిలబెట్టాడు. రెండు వెదురు పుల్లలు తీసి, తొడిమకి కాస్త కిందగా ఈ పక్కన ఒకటి, ఎదురుగా ఆ పక్కన ఒకటి గుచ్చాడు.

"ఇది మన ఊరు బావూ. అది ఆళ్ల ఊరు. ఇప్పుడు దారం పట్టు లచ్చన్నా. ముందు పొట్ట మీంచి తిప్పు."

లచ్చన్న తిప్పాడు. దారం చాలలేదు.

"సాలదు. పెద్దకాయ దించినప్పుడు మాకు ముందు నేర్పింది ఇదే. పొట్ట సుట్టూ తాడేత్తే మూరెడు తాడు ఎక్కువ కావాల. ఇప్పుడు తొడిమ పక్క నుంచి, భుజం మీంచి ఎక్కించు. అదిగో, సూడండి. జానెడు మిగిలిపోనాది. నాకు కెనడా తెలవదు గాని కాయకి తాడెయ్యడం తెలుసు బావూ. ఇమానం ఆడు కూడా అలగే భుజం మీంచి పోతన్నాడు. అంతే."

అనంతపద్మనాభం గారు తానే స్వయంగా దారం పట్టుకుని నాలుగుసార్లు కొలిచారు. ఐదోసారి కొలిచి, పండుని ముద్దెట్టుకున్నంత దగ్గరగా వంగి చూశారు.

"అద్భుతం. పన్నెండు వేలు సరిపోయింది. ఆకాశంలో ఆక్రమణ లేదు. దేశాలకిచ్చిన నోటీసులు ఉపసంహరించండి."

ఒకసారి నమ్మితే ఆయన సగంలో ఆగే మనిషి కాదు. గడియారాల తేడా కూడా పండు మీదే, ఒక పక్క టార్చిలైటు వేసి తేల్చారు. ప్రయాణ కాలం పదిహేను గంటలని వచ్చింది. రవాణా వారి అరవైని, నేల మీద పోవు వాహనములకు మాత్రమే అని ఒక్క ముక్కతో కొట్టేశారు. తొమ్మిదో రోజు సాయంత్రానికి ధ్రువపత్రం తయారైంది. గుండ్రటి సీలు, పొడుగాటి సంతకం. సదరు పండు దారిలో చెడదని ఇందుమూలముగా నిర్ధారించడమైనది. డిల్లేసు దాన్ని రెండు చేతుల్తో అందుకుని కళ్లకద్దుకున్నాడు. తర్వాత పండు ఎత్తబోయాడు.

"ఆగు, ఆగు! దాన్ని ముట్టుకోరాదు" అన్నారు అధికారి గారు.

అప్పటికే పండు మీద లక్క సీలు వేసి, ఎర్రరంగుతో దారి గీసి, తొడిమకి ఫైలు నంబరు కట్టేశారు.

"ధ్రువపత్రానికి ఆధారం ఈ కొలత. కొలతకి ఆధారం ఈ పండు. కనుక ఇది మూల రికార్డు. మూల రికార్డు కార్యాలయం గడప దాటరాదు."

డిల్లేసు ధ్రువపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి ఈ కాయితం దేనికి బావూ?" అన్నాడు.

"పండు ప్రయాణించుటకు."

"పండు ఏదీ?"

"రికార్డులో ఉన్నది."

"మరి కెనడాకేటి పంపమంటారు?"

"ధ్రువపత్రం నకలు పంపవచ్చును. దానికి అభ్యంతరం లేదు."

పదో రోజు ఒంటిగంటకి విమానం డిల్లేసు ఇంటి మీంచే పోయింది. భుజం మీంచి ఎక్కుతున్నట్టు ఉత్తరానికి వంగి పోయింది. పైడమ్మ దాన్నీ, మొగుణ్నీ మార్చి మార్చి చూసి, చీపురందుకుని పెరడు ఊడ్చింది. తిట్టినా బాగుండుననిపించింది డిల్లేసుకి.

పదకొండో రోజు రికార్డు గదిలోంచి వాసన మొదలైంది. ముందు ఆఫీసుకి, తర్వాత పక్కనున్న బ్యాంకుకి, ఆ పైన బస్టాండుకి పాకింది. కొలతలతో పనిలేని జనం కూడా లోపలికొచ్చి, కొలతలు ఎలా జరుగుతున్నాయని అడిగి పోతున్నారు. ఈగలు వరస కట్టాయి. పన్నెండో రోజు మధ్యాహ్నం లక్క సీలు దగ్గర పండు తనంతట తాను విచ్చుకుంది.

రికార్డు శిథిలావస్థకు చేరినందున తగు చర్య తీసుకోవాలని అధికారి గారు కమిటీ వేశారు. కమిటీ చేతులకి నూనె రాసుకుని కూర్చుంది. కెనడా వైపు తొనలు అధికారి గారు పరిశీలించారు. మన వైపువి కనకం, ఉత్తరం వైపువి లచ్చన్న పరిశీలించారు. రెండు సముద్రాలూ బ్యాంకు వాళ్లకి వెళ్లాయి. సాయంత్రానికి ప్రపంచం మొత్తం మీద పిక్కలూ పీచూ తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ మర్నాడే పైనుంచి ఉత్తరం వచ్చింది. ఆకాశ దూరమును స్వదేశీ గ్లోబుపై కొలిచిన మీ నూతన పద్ధతి మెచ్చదగినది. సదరు మూల రికార్డును ముప్పై రోజులలోగా తనిఖీకి సమర్పించవలెను. సమర్పించని యెడల బాధ్యులపై చర్య గైకొనబడును.

అనంతపద్మనాభం గారి మొహం పనసపాలు పూసినట్టు తెల్లబోయింది. జీపెక్కి తిన్నగా డిల్లేసు ఇంటికి వచ్చారు. అప్పటికి పెరట్లో రోడ్డు కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు గొడ్డళ్లకి పదును పెడుతున్నారు. డిల్లేసు మానుకి వీపు ఆనించి కూర్చున్నాడు, లేవమంటే లేవకుండా.

"డిల్లేసూ, అలాంటిదే ఇంకొకటి కావాలయ్యా. గుండ్రంగా ఉండాలి" అన్నారు అధికారి గారు, చెట్టు కింద టోపీ తీసి.

"తింటానికా బావూ?"

"ఛ ఛ! రికార్డుకి."

డిల్లేసు పైకి చూశాడు. ఆకుల చాటున బిందె అంత కాయ ఒకటుంది. ఇంకా లేత.

"ఉన్నాది. గుండ్రమే. గాని అది ముదరడానికి ఇరవై రోజులు పట్టుద్ది. ఇప్పుడు కోత్తే ముడతలు పడిపోద్ది. అప్పుడు మీ కెనడా వచ్చి మన ఊరిమీద పడతాది."

"ఇరవై రోజులు ఆగుతాం. ముప్పై వరకు వ్యవధి ఉంది."

"మీరాగుతారు బావూ. ఆళ్లాగుతారా?" అని గొడ్డళ్ల వైపు చూపించాడు. "ఇంకో మాట. ఆ రికార్డు కూడా పండుద్ది. మళ్లీ మీ కమిటీ కూకుంటాది. మళ్లా ఏడు పైవాళ్లు అడుగుతారు. అప్పుడేటి సేత్తారు? సెట్టుంటేనే గదా బావూ, మీకు ఏటేటా రికార్డు!"

అనంతపద్మనాభం గారు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగారు. మూలలు లేకపోవడం వల్ల ఎక్కడా ఆగలేదు. జేబులోంచి కాగితం తీసి, జీపు బానెట్ మీద పెట్టి, అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. సదరు వృక్షము కార్యాలయ మూల రికార్డులు పుట్టి పెరుగు చోటు అయినందున, ఇందుమూలముగా దానిని కార్యాలయ రికార్డు గదిగా ప్రకటించడమైనది. రికార్డు గదిని నరకుట శిక్షార్హము.

గొడ్డళ్లవాళ్లు ఉత్తర్వు చదివించుకుని, బీడీ ఆర్పి, వెళ్లిపోయారు. వారం తిరక్కుండా రోడ్డువాళ్లు తమ ఎర్రరంగు హద్దురాళ్లు పెరికి అవతల పాతారు. ఇప్పుడా రోడ్డు తిన్నగా వచ్చి, డిల్లేసు పెరటి దగ్గర భుజం మీంచి తిరిగినట్టు వంగి, మళ్లీ తిన్నబడుతుంది. మలుపు దగ్గర బస్సులో జనం ఒకరి మీద ఒకరు పడి, ఇంజనీరుని తిడతారు.

చెట్టుకి మాత్రం బోర్డు కొట్టారు. రికార్డు గది. అనుమతి లేనిదే లోనికి రాకూడదు. పని వేళలు: ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు వరకు. కాయ కోయదలచినవారు నిర్ణీత నమూనాలో దరఖాస్తు చేసుకోవలెను. కాయలన్నిటికీ నంబర్లు వేసి పోయారు.

అది చూసి పైడమ్మ నెత్తి బాదుకుంది. "నువ్వు సెట్టుని మిగిల్సినావు గాని కాయల్ని సర్కారుకి ఒగ్గేసినావు గదయ్యా! ఇప్పుడు మన పెరట్లో మన కాయకి ఎవుడికి దండం ఎట్టాల?"

డిల్లేసు బోర్డు ముందు నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. ఎండ వైపు చూశాడు. పొద్దింకా వేపకొమ్మ ఎత్తు కూడా ఎక్కలేదు.

"రాసినారు గదే. పదిన్నర నుంచి ఐదు దాకా ఇది ఆఫీసు. అంతకు ముందు ఇది నా సెట్టే. అందులోనూ, ఆళ్లు పదిన్నరకి ఏనాడొచ్చినారు? పదకొండున్నర దాకా మనకి బెంగ లేదు. ఒలే పైడీ, ఆ తాడిలగ అందుకో."